సమస్యాపూరణం: మంచు నడుమ నిలిచి మాడిపోయె

నిర్వాహకుడు

ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. దాంతో ముగిసేలా ముందున్న మూడు పాదాలు మీరు పూరించాలి:

*మంచు నడుమ నిలిచి మాడిపోయె*

చలిమంట వేసి తప్పించుకోవడం కుదరదు, ముందే చెబుతున్నా. కథ ఆల్ప్స్ కొండల్లోని జెర్మాట్‌లో జరగాలి, చిక్కుముడి సూట్‌కేసులో విడాలి. సర్దుకున్న వస్తువు వల్ల మాడినా సరే, సర్దుకోని దాని వల్ల మాడినా సరే. స్విట్జర్లాండ్‌లో సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. అక్కణ్ణుంచి గోర్నర్‌గ్రాట్ రైలెక్కితే 3,089 మీటర్ల దాకా పోవచ్చు. ఆ రైలు 1898 నుంచీ ఉంది కాబట్టి మీ కథానాయకుణ్ణి నడిపించి చంపకండి, హాయిగా కూర్చోబెట్టి పైకి తీసుకెళ్లి మాడ్చండి.

గణం (గురులఘువుల లెక్క) తడబడితే ఊరుకుంటానేమో గానీ యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ వచ్చే అక్షరానికీ ఉండాల్సిన పొంతన) తప్పితే ఊరుకోను.

పూరణ 1

ఉన్ని కోటు సర్దె నుబలాటముగ తాను
ఎండపూత మరచె నెంత తెలివి!
తెల్లనైన మంచు తిప్పికొట్టెను వెల్గు
మంచు నడుమ నిలిచి మాడిపోయె.

నిర్వాహకుడు: యతులు నాలుగూ కుదిరాయి. "ఎంత తెలివి" అన్న ఎత్తిపొడుపు నాకు నచ్చింది. ఒక్కటే లోటు, మూడో పాదంలో మంచు, నాలుగో పాదంలో మళ్లీ మంచు. సమస్యలో ఉన్న మాటను ముందే ఖర్చు పెట్టేస్తే చివర్లో విస్మయం సగం ఆరిపోతుంది. "తెల్లనైన నేల తిప్పికొట్టెను వెల్గు" అనండి, గణం చెడదు. మొదటి పాదంలో "తాను" ఎవరో తెలియదు, అది పాదం నింపడానికొచ్చిందని అందరికీ తెలుసు. పోనివ్వండి.

విషయం మాత్రం పక్కా. వెయ్యి మీటర్లు పైకి పోయేకొద్దీ అతినీలలోహిత కిరణాల జోరు పది శాతం దాకా పెరుగుతుంది. దానికి తోడు కొత్తగా పడ్డ మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అంటే ఎండ పైనుంచే కాదు, కిందనుంచీ వస్తుంది. ఇది నా గడ్డానికి తెలుసు. వెడల్పాటి అంచున్న టోపీ పెట్టుకుని ఎంతో జాగ్రత్తపరుణ్ణనుకున్నా. సాయంత్రం అద్దంలో చూస్తే నుదురు బాగానే ఉంది, గడ్డం కింద, ముక్కుపుటాల అంచున ఎర్రగా కమిలింది. నాలుగు రోజులు ఉల్లిపొరలా ఊడింది. టోపీ నీడ కిందికి పడుతుంది గానీ పైకి పడదు కదా.

ఒక సభ్యురాలు: "ఎండపూత" నిఘంటువులో ఉందాండీ?

పూరణ 1 కవి: లేదమ్మా, అవసరానికి పుట్టించాను. "సన్‌స్క్రీను" అంటే తగణం (రెండు గురువులు, ఒక లఘువు), ఇంద్రగణాల్లో ఒకటి. ఇంద్రగణం పడేచోట పడుతుంది గానీ రెండో పాదమంతా అంతకంటే చిన్నవైన సూర్యగణాలే, అక్కడ దాన్ని కూర్చోబెట్టే చోటే లేదు.

నిర్వాహకుడు: మాట బాగుంది, వాడుకలోకి వస్తే సంతోషమే. అయితే రెండు గంటలకోసారి మళ్లీ పూసుకోవాలి. పొద్దున ఒక్కసారి పూసుకుని పోతే మీ పద్యమే మిగులుతుంది.

పూరణ 2

ఊరు మారెనంచు నూహింపకే తాను
గోడ కన్నమందు గుచ్చె వైరు
ఛార్జరచట చిన్న చప్పుడు చేసెను
మంచు నడుమ నిలిచి మాడిపోయె.

నిర్వాహకుడు: ధార బాగుంది. మళ్లీ ఆ "తాను" వచ్చింది, ఈ వారం మొదటి పాదాలన్నింటికీ ఆయనే అద్దెకున్నాడు. నా గొడవ మాత్రం ఛందస్సుతో కాదు, కరెంటుతో. ఛార్జర్ వెనక సన్నటి అక్షరాలు చదవండి, 100–240 వోల్టులని ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో వచ్చేది 230 వోల్టులు. అది మాడదు. అసలు అంతదాకా పోదు కూడా. అక్కడి గోడకన్నం లోపలికి గుంటగా, ఆరు మూలలతో ఉంటుంది, మూడు సన్నటి గుండ్రటి పిన్నులకు సరిపోయేలా. సన్నటి రెండు పిన్నుల యూరప్ ప్లగ్గు అందులో దిగుతుంది. లావు పిన్నులది దిగదు. కాబట్టి మీ రెండో పాదంలో "గుచ్చె" దగ్గరే కథ ఆగిపోయింది.

మరో సభ్యుడు: ఛార్జర్ "నిలిచి" మాడడమేమిటి? దానికి కాళ్లున్నాయా?

పూరణ 2 కవి: నిలిచి అంటే నిలబడి అనే కాదండీ, పని నిలిచి, ఆగిపోయి అని. కరెంటు మాట ఒప్పుకుంటున్నా. అయితే మాడేదాన్నే తెస్తాను. అమెరికాలో కొన్న, 120 వోల్టులకు మాత్రమే చేసిన జుట్టు ఆరబెట్టే యంత్రం. మూడో పాదం ఇలా:

డ్రయ్యరచట చిన్న రవ్వలు చిమ్మెను

నిర్వాహకుడు: భేష్! "డ్ర"లోని రేఫకు "రవ్వ"తో సంయుక్తాక్షర యతి. "నిలిచి"కి చెప్పిన అర్థం పూరణ కంటే గట్టిగా ఉంది. ఇప్పుడు కరెంటు లెక్కా సరిపోయింది, ఎందుకంటే అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది గానీ వోల్టేజీని మార్చదు. అడాప్టర్ ఉంది కదా అన్న ధైర్యంతోనే చాలామంది డ్రయ్యర్లు అక్కడ ప్రాణాలు వదిలాయి. హోటల్ గదిలో ఎలాగూ ఒకటుంటుంది, సూట్‌కేసులో ఆ జాగా వేరేదానికివ్వండి.

పూరణ 3

కారు నిండ సర్దె కట్టల సామాను
ఆపి దిగుడటంచు నాజ్ఞ వచ్చె
మోపులన్ని మోయ మొగమేమొ పాపము
మంచు నడుమ నిలిచి మాడిపోయె.

నిర్వాహకుడు: ఇది ఈ వారానికి నా ఓటు. మంట లేకుండా, ఎండ లేకుండా మొహం మాడ్చారు, తెలుగువాడికి తప్ప ఇంకొకరికి తట్టని విడుపు. "పాపము" పాదపూరణే, కానీ ఇక్కడ నిజంగానే పాపం అనిపిస్తుంది.

ఊరి సంగతి తెలియనివారికి: జెర్మాట్‌లోకి పెట్రోలు, డీజిలు కార్లను రానివ్వరు. కింద టేష్ అనే ఊళ్లో కారు వదిలేసి పన్నెండు నిమిషాలు రైల్లో పోవాలి. ఊళ్లో తిరిగేవి చిన్న చిన్న కరెంటు బళ్లు. పైగా నాలుగు చక్రాల సూట్‌కేసు తాజా మంచు మీద దొర్లదు, నాగలిలా దున్నుకుంటూ వస్తుంది. వీపు సంచీ అయితే ఈ పద్యానికి అవకాశమే ఉండేది కాదు.

పూరణ 4

తడిసె కాలి తొడుగు తాపయంత్రము పైన
ఆరబెట్టి మరచి హాయి నిదుర
కాళ్ళకేది దిక్కు? కమురు వాసన వచ్చె!
మంచు నడుమ నిలిచి మాడిపోయె.

నిర్వాహకుడు: ఆకార హకారాల యతి చక్కగా వాడారు. "కాలి తొడుగు" బదులు "నూలుతొడుగు" అంటే తప్పెక్కడుందో తెలుస్తుంది. నూలు నీళ్లు పీల్చి కాలికి చల్లగా అంటుకుంటుంది, ఓ పట్టాన ఆరదు. ఉన్ని తడిసినా కాస్త వెచ్చదనం నిలుపుకుంటుంది. "నిలిచి" మాత్రం ఇక్కడ వేలాడుతోంది, సాక్సులాగే.

పూరణ 5

*(ఇదే నా మొదటి పద్యం, తప్పులుంటే చెప్పండి.)*

నల్లకళ్ళజోడు సంచిలోన మరచె
కొండ మీది కేగె గొప్ప కొరకు
మరుసటి దినమందు మంటలే, కన్నులు
మంచు నడుమ నిలిచి మాడిపోయె.

నిర్వాహకుడు: మొదటి పద్యానికి గణాలన్నీ నిలబడ్డాయంటే మాటలు కాదు. మొదటి పాదంలో యతి పోయింది. "న"కు "సం" పొసగదు. "నల్లకళ్ళజోడు నట్టింట మరచెను" అనండి, సరిపోతుంది.

"మరుసటి దినమందు" అన్నది ఊహించి రాసింది కాదనిపిస్తోంది. మంచు మీద ఎండకు కంటి పైపొర కమిలితే అప్పటికప్పుడు తెలియదు, కొన్ని గంటలు పోయాక రాత్రికో తెల్లారో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. మీకు జరిగిందా?

పూరణ 5 కవి: జరిగిందండీ. గోర్నర్‌గ్రాట్ దగ్గర ఫొటోల కోసం నాలుగు గంటలు తిరిగా. రాత్రి రెండింటికి లేచి కళ్లు తెరవలేకపోయా. రెండు రోజులు గదిలో పరదాలు వేసుకుని కూర్చున్నా. మీ సవరణకు దణ్ణం గానీ, జోడు నట్టింట మరవలేదు. సర్దుకునే వెళ్లాను. గీతలు పడతాయని మెత్తటి గుడ్డలో చుట్టి, దాని డబ్బాలో పెట్టి, సంచి అడుగున. అది హోటల్లో ఉంది, నేను కొండ మీద ఉన్నాను. అందుకే ఇలా మార్చాను:

సంచిలోన మరచె జాగ్రత్తగా జోడు

నిర్వాహకుడు: "సం"కు "జా" యతి సరే. జోడంటే బూట్లనుకునే ప్రమాదముంది గానీ మూడో పాదంలో కన్నులొచ్చి కాపాడాయి. "జాగ్రత్తగా" మరవడం! పూరణ 3కు వేసిన ఓటు వెనక్కి తీసుకుంటున్నా, ఆయన మొహం ఇంకోసారి మాడినా సరే.