పెరట్లో పండ్ల చెట్టు: ఎంత పెరిగే రకం ఎంచుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము ఖమ్మంలో 200 గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నాము. వంటింటి గోడకూ ప్రహరీ గోడకూ మధ్య 15 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు మట్టి నేల మిగిలింది. అందులో బంగినపల్లి మామిడి, సపోటా, జామ నాటాలని ఉంది. నర్సరీలో ఒకే రకం మామిడిలో రెండడుగుల అంటు మొక్కలూ ఏడడుగులవీ ఉన్నాయి. పెద్దది కొంటే వచ్చే ఏడాదే కాపు చూడవచ్చని అక్కడివారు చెబుతున్నారు గానీ ధరలో చాలా తేడా ఉంది. ఏది కొనడం మంచిది? మూడు చెట్లకూ ఆ చోటు సరిపోతుందా?

సమాధానం:
నమస్కారమండీ. ముందుగా చెట్టు ఎదిగాక ఎంత మేర పరుచుకుంటుందో చూసుకోండి, మొక్క ఎత్తు సంగతి ఆ తరువాత. బంగినపల్లి తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య 10 మీటర్లు, అంటే సుమారు 33 అడుగులు వదలడం పాత పద్ధతి. అలాంటి చెట్టును మీ 15 అడుగుల వెడల్పులో దాని మానాన వదిలేస్తే కొన్నేళ్లకు కొమ్మలు ఒకవైపు డాబా మీదికి, మరోవైపు పొరుగువారి గోడ దాటి పోతాయి. సపోటా మెల్లగా పెరుగుతుంది కాబట్టి చిన్న చెట్టని చాలామంది అనుకుంటారు, కానీ చివరకు అది కూడా 8 నుంచి 10 మీటర్ల ఎడం కోరుతుంది. దాని నీడ కూడా దట్టం. మీ చోటులో సపోటా వద్దనే నేను గట్టిగా చెబుతాను.

మామిడి కావాలంటే ఆమ్రపాలి గురించి ఆలోచించండి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ దసేరి, నీలం రకాలను సంకరపరచి విడుదల చేసిన పొట్టి రకం ఇది. రెండున్నర మీటర్ల ఎడంలో కూడా నాటవచ్చు, ఏటా కాస్తుంది. కాయ చిన్నది, గుజ్జు ముదురు నారింజ రంగులో ఉంటుంది, బంగినపల్లి అయిపోయే రోజుల్లో కోతకు వస్తుంది. ఇక జామకు మీ పెరడు చక్కగా సరిపోతుంది. జామకు పూత కొత్త చిగుళ్ల మీదే వస్తుంది కనుక, ఎంత కత్తిరించినా చిగురు వేసి మళ్లీ కాస్తుంది. నిచ్చెన అవసరం లేకుండా చేతికందే ఎత్తులో ఉంచుకోవచ్చు. నిమ్మ, దానిమ్మ, సీతాఫలం కూడా ఇంటి పెరడుకు తగినవే.

మొక్కల విషయానికి వస్తే, రెండడుగులదే కొనండి. ఏడడుగుల మొక్క చాలా కాలంగా సంచిలోనే ఉండి ఉంటే వేళ్లు లోపల గుండ్రంగా చుట్టుకుపోతాయి, నేలలో నాటినా త్వరగా విచ్చుకోవు. పైగా దాని మొదటి కొమ్మలు తల ఎత్తున ఉంటాయి, చెట్టును కిందనుంచి గుబురుగా మలచడం కుదరదు. చిన్న మొక్క కుదురుకున్నాక రెండున్నర అడుగుల ఎత్తులో తల తుంచి, పక్కలకు వచ్చిన మూడు నాలుగు కొమ్మలను ఉంచుకుంటే చెట్టు పొట్టిగా, బలంగా తయారవుతుంది. కొనేటప్పుడు అంటు కట్టిన చోటును వేలితో తడిమి చూడండి. గాటు పూర్తిగా పూడి, పై కాండమూ కింది కాండమూ ఒకే లావుతో కలిసిపోయి ఉండాలి. ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే విప్పించండి, లేకపోతే అది కాండంలోకి కోసుకుపోతుంది.

మళ్లీ ప్రశ్న:
చాలా కృతజ్ఞతలండీ. సపోటా మానుకుంటాము. అయితే మా మామగారిది బనగానపల్లె దగ్గరి ఊరు, ఆయన బంగినపల్లి తప్ప వేరే మామిడి వద్దంటున్నారు. కత్తిరిస్తూ దాన్ని చిన్నగా ఉంచలేమా?

మరొకరి సమాధానం:
ఉంచవచ్చునమ్మా. ఇప్పుడు తోటల్లో మామిడిని 5 మీటర్ల ఎడంలో కూడా నాటి, కత్తిరింపులతో అదుపులో పెడుతున్నారు. మీ వెడల్పు దానికి కాస్త తక్కువ, కాబట్టి సరిగ్గా మధ్యలో నాటాలి. అన్నిటికన్నా ముఖ్యం కత్తిరించే వేళ. మామిడి పూత ముదిరిన కొమ్మల చివర్ల నుంచి చలికాలంలో వస్తుంది. అందుకని కాయలు కోసిన వెంటనే, జూన్‌లోనే పని ముగించాలి. దసరా దాటాక కత్తెర పడితే ఆ ఏడు పూత చాలావరకు పోయినట్టే. నిటారుగా పైకి పోయే నడి కొమ్మను తీసేస్తే లోపలికి ఎండ దిగుతుంది, ఎత్తూ తగ్గుతుంది. ఏటా ఈ పని చేసే మనిషి ఇంట్లో ఉంటేనే బంగినపల్లికి పూనుకోండి, రెండు మూడేళ్లు వదిలేస్తే లావు కొమ్మలు రంపంతో కోయవలసి వస్తుంది. ఎదుగుదల తగ్గించడానికి కొందరు తోటల్లో వాడే కల్టార్ మందు జోలికి మాత్రం ఇంటి దగ్గర పోవద్దు, మోతాదు మించితే మట్టిలో చాలాకాలం నిలిచి చెట్టును గిడసబారుస్తుంది.

సెప్టిక్ ట్యాంకుకూ నీటి సంపుకూ వీలైనంత దూరంగా, తొలకరి పడ్డాక నాటండి. అంటు కట్టిన చోటు నేలకు పైనే ఉండాలి, దాని కింద మొలిచే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచేయాలి. జామను పెరటి దక్షిణపు కొసన పెట్టండి, మామిడి నీడ దాని మీద పడదు.