ఆపరేషన్‌కు ముందు మెలటోనిన్: ఆందోళన, నొప్పి నిజంగా తగ్గాయా? వాడినవారు చెప్పగలరు

గోదావరి_గట్టు
మా అమ్మగారికి 64 ఏళ్లు. వచ్చే వారం కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ ఉంది. తేదీ ఖరారైన నాటి నుంచి ఆవిడకు కంటి మీద కునుకు లేదు. అర్ధరాత్రి లేచి వరండాలో కూర్చుంటున్నారు. డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు నిరుడు వచ్చినప్పుడు ఇచ్చి వెళ్లిన మెలటోనిన్ (నిద్రకు తోడ్పడే హార్మోన్) గమ్మీల, అంటే నమిలే జెల్లీ బిళ్లల, సీసా ఇంట్లో ఉంది. ఒక్కొక్కటి 5 మిల్లీగ్రాములని దాని మీద ఉంది. ఆపరేషన్‌కు ముందు ఇది వేసుకుంటే కంగారు తగ్గుతుందనీ, తరువాత నొప్పి కూడా తక్కువగా ఉంటుందనీ తను చెబుతోంది. అమ్మ బీపీ మాత్ర ఒక్కటే వాడతారు. అనుభవం ఉన్నవారు దయచేసి రాయండి.

మెత్తని_దిండు
నాకు రెండు ఆపరేషన్లు అయ్యాయి. మొదటిది హెర్నియాకు, అప్పుడు భయం తగ్గించి మగతనిచ్చే మిడజోలం అనే మందు ఇచ్చారు. భయం పోయిన మాట నిజమే కానీ, ఆ రోజు సాయంత్రం దాకా మా ఆవిడ చెప్పిన మాటలేవీ నాకు గుర్తు లేవు. నాలుగేళ్ల తరువాత పిత్తాశయం తీసినప్పుడు, అడిగిన మీదట మత్తు డాక్టరుగారు మెలటోనిన్ మాత్ర రాశారు. గంటన్నర ముందు వేసుకున్నాను. నిద్ర ముంచుకు రాలేదు, మైకం లేదు, స్ట్రెచర్ మీద వెళుతూ వార్డు బాయ్‌తో క్రికెట్ స్కోరు మాట్లాడాను. నొప్పి మాత్రం అందరికీ ఉన్నట్టే ఉంది.

మత్తు_విభాగం_పీజీ, విశాఖ
పెద్దవారి విషయంలో ఆందోళన తగ్గుతుందనడానికి ఆధారం బాగానే ఉంది. 2020లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ 27 పరీక్షలను కలిపి సమీక్షించినప్పుడు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే మెలటోనిన్ వేసుకున్నవారికి ఆపరేషన్‌కు ముందు ఆందోళన, నూరు మార్కుల కొలతపై, సగటున 12 మార్కుల దాకా తక్కువగా ఉంది. మిడజోలం వంటి మందులతో పోల్చినా పెద్ద తేడా కనబడలేదు. ఆపరేషన్ తరువాత ఆందోళన విషయంలో మాత్రం ఆ లాభం చాలా స్వల్పం. నొప్పి సంగతికి వస్తే ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు కాబట్టి, దాన్ని నొప్పి మందుగా లెక్కవేసుకోకండి.

నాకు భయమంతా మీ సీసా గురించే. గమ్మీ అంటే ఘనాహారమే. ఆపరేషన్‌కు 6 గంటల ముందు నుంచి ఘనాహారం ఆపేయమంటాం, మంచినీళ్లు మాత్రం సాధారణంగా 2 గంటల ముందు దాకా ఇస్తాం. ఉదయం ఎవరికీ చెప్పకుండా ఒకటి నమిలితే కేసు వాయిదా పడవచ్చు. పైగా అమెరికాలో దీన్ని మందుగా కాక ఆహార పూరకంగా అమ్ముతారు. 2023లో అక్కడ 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే 22 వాటిలో మోతాదు లేబుల్‌తో సరిపోలేదు; ఒకదానిలో రాసినదానికి మూడున్నర రెట్లకు దగ్గరగా ఉంది. మత్తు డాక్టరును కలిసినప్పుడు ఆ సీసా ముందు పెట్టి అడగండి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) లేదా ఫ్లూవోక్సమిన్ (మానసిక కుంగుబాటుకు ఇచ్చే మందు) వాడేవారు మరీ తప్పనిసరిగా చెప్పాలి.

లెస్టర్_అమ్మ
పిల్లల విషయం వేరని నా అనుభవం. ఇక్కడ బ్రిటన్‌లో మెలటోనిన్ డాక్టరు చీటీ మీదనే ఇస్తారు. మా వాడికి ఆరేళ్లప్పుడు పళ్లు తీయడానికి ముందు ఇచ్చారు, అయినా మాస్క్ చూడగానే నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. ఈ దేశంలోనే భయపడే పిల్లల మీద రెండు మందులనూ పోల్చిచూసిన పరీక్షలో మిడజోలమే మెరుగని తేలిందని తరువాత చదివాను.

గోదావరి_గట్టు
అందరికీ ధన్యవాదాలు. నిన్నటికి ఆపరేషన్ అయి నాలుగు రోజులు. డాక్టరమ్మగారు గమ్మీల సీసాను పక్కన పెట్టించి, 3 మిల్లీగ్రాముల మాత్ర ముందు రోజు రాత్రి ఒకటి, ఉదయం గుక్కెడు నీళ్లతో ఒకటి వేయించారు. ఆ రాత్రి అమ్మ ఒక్కసారే లేచారు. ఉదయం జపమాల తిప్పుతూ మధ్యలో కునుకు తీశారు; పిలిస్తే వెంటనే పలికారు. మందు మహిమా, లేక ఆవిడ పక్కన కూర్చుని ఏమేం చేస్తారో పావుగంట సేపు విడమరచి చెప్పిన డాక్టరమ్మగారి ఓపికా, నేను తేల్చలేను. నొప్పి విషయంలో పీజీగారు చెప్పినదే నిజమైంది. తొడ దగ్గర నరానికి ఇచ్చిన మత్తు దిగిపోయిన రెండో రోజు, వాకర్ పట్టుకుని బాత్‌రూమ్ దాకా నడిచే సరికి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పారాసెటమాల్ సెలైన్ ఎక్కించి, మోకాలి మీద ఐస్ పెట్టాక గానీ సర్దుకోలేదు.