డిస్క్ జారితే ఆపరేషనా, ఆగడమా? రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వాళ్లు చెప్పండి

గుణుపురం సత్యం: మా బావమరిదికి రెండు నెలలుగా నడుం నుంచి పిక్క దాకా ఒకటే లాగుడు. డిస్క్ జారిందని ఎమ్మారైలో వచ్చింది. విశాఖలో డాక్టరు ఆపరేషన్ అంటున్నారు. చేయించమంటారా?

పర్లాకిమిడి మాస్టారు: తొందరపడకు సత్యం. నెదర్లాండ్స్‌లో విల్కో ప్యూల్ అనే న్యూరోసర్జన్ బృందం ఇదే తేల్చడానికి పూనుకుని 2007లో ఫలితాలు ప్రచురించింది. 6 నుంచి 12 వారాలుగా సయాటికాతో, అంటే మీ బావమరిదిలా నడుం నుంచి కాలిలోకి లాగే నొప్పితో బాధపడుతున్న 283 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు త్వరగా ఆపరేషన్, రెండో గుంపుకు మందులూ ఓపికా. ఏడాది తిరిగేసరికి రెండింట్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. ఇక కత్తి దేనికి?

రాయగడ రవి: ఆ రెండో గుంపులో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు. అది మింగేశారేం మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు: మిగతా 61 శాతం సంగతి నువ్వూ చెప్పలేదుగా! మా నాన్నగారికి ఆపరేషనయ్యాక కూడా రాత్రిళ్లు నిద్ర లేదు. మళ్లీ తీసుకెళ్తే 'స్కాన్ బాగానే ఉంది' అని పంపేశారు. నొప్పి స్కాన్‌లో కనబడుతుందా? ప్యూల్ వాళ్లు కోలుకున్నావా అని రోగినే అడిగారు. ఇక్కడ అడిగే నాథుడేడీ?

జయపురం లక్ష్మి: మూత్రం మీద పట్టు తప్పినా, పాదం పైకి లేవకపోయినా ఈ చర్చ వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అలాంటివాళ్లను ఆ పరిశోధనలో చేర్చుకోనే లేదు.

రాయగడ రవి: 39కి జవాబు రాలేదు.

పర్లాకిమిడి మాస్టారు: ఒక్క అంకె పట్టుకుని వేలాడతావేం? ఆసుపత్రి వాళ్ల కమీషనేమైనా ఉందా నీకు?

రాయగడ రవి: మాట జారకండి. నేను లారీ తోలేవాణ్ని. సరే, ఇంకో అంకె చెప్తాను. త్వరగా ఆపరేషనైన గుంపులో సగం మంది 4 వారాలకే కోలుకున్నారు. ఆగిన గుంపులో సగం మంది తేరుకోవడానికి 12 వారాలు పట్టింది. మీకు ఒకటో తారీఖున పింఛను పడుతుంది, ఏడాది లెక్కలు బాగానే చెప్తారు. ఆ ఎనిమిది వారాలు నా వాయిదాలు ఎవరు కడతారు?

పర్లాకిమిడి మాస్టారు: ఆపరేషన్ ఖర్చు మాత్రం ఎవరు కడతారు? మనవి ఒడిశా కార్డులు. ఆంధ్రా వాళ్ల ఎన్టీఆర్ వైద్య సేవ మనకు వర్తించదు.

బరంపురం శీను: మన ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య పథకం గోపబంధు కార్డుంటే బయటి రాష్ట్రంలోనూ కొన్ని ఆసుపత్రుల్లో చెల్లుతుంది. వెళ్లేముందే ఫోన్ చేసి కనుక్కోండి అన్నా.

గుణుపురం సత్యం: అతను తాపీమేస్త్రి. వాళ్లావిడ ఆగుదామంటోంది, అతనేమో రేపే బండెక్కుదామంటున్నాడు.

రాయగడ రవి: నొప్పి ఎవరిది? కూలి ఎవరిది? అతని మాటే వినండి.

పర్లాకిమిడి మాస్టారు: కత్తి పడ్డాక ఏడాదిపాటు చూసుకోవాల్సింది ఆ ఇల్లాలే కదా రవీ. సత్యం, లక్ష్మి చెప్పినట్టు పాదం పైకి లేస్తోందో లేదో తెలియాలి; ముందు అతను మడమల మీద నడవగలడో లేదో చూసి రాయి.