లివర్‌పూల్‌కి కొత్త: పబ్‌లో స్టౌట్ ఏది తీసుకోవాలి, ఈ పీఎస్ఆర్ గొడవ ఏంటి?

కొత్తగా వచ్చాను, లివర్‌పూల్
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. ఇక్కడ ఉద్యోగంలో చేరాను. ఆఫీసులో సగం ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ అభిమానులు, సగం లివర్‌పూల్ క్లబ్ వాళ్లు. శనివారం మ్యాచ్ చూడటానికి పబ్‌కి రమ్మంటున్నారు. అందరూ గిన్నిస్ అనే స్టౌటే (నల్ల బీరు) తాగుతారట. నేను శాకాహారిని, బీరు ఎప్పుడైనా తాగుతాను గానీ ఆ నల్లది ఇంతవరకు ముట్టలేదు. అందులో చేపకి సంబంధించినదేదో కలుస్తుందంటారు, నిజమేనా? మొన్న లంచ్‌లో పీఎస్ఆర్ అనీ పాయింట్ల కోత అనీ అరుచుకుంటుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు క్రికెట్ తప్ప తెలియదు. కాస్త చెప్పండి.

పాత కాపు, లివర్‌పూల్
తమ్ముడూ, తప్పకుండా వెళ్లు. ఈ ఊళ్లో మనుషులు దగ్గరయ్యేది అక్కడే. చేప మాట ఒకప్పుడు నిజం. బీరు తేటపడటానికి చేప తిత్తి నుంచి తీసిన ఐసిన్‌గ్లాస్ వాడేవారు. గిన్నిస్ వాళ్లు కొన్నేళ్ల కిందటే మానేశారు. చేతిపంపుతో పోసే కాస్క్ ఏల్స్ అనే బీర్లలో కొన్నిటికి ఇంకా వాడుతున్నారు, అవి అడిగి తీసుకో.

గిన్నిస్ చూడ్డానికి భయపెడుతుంది గానీ ఘాటు తక్కువే, 4.2 శాతం. గ్లాసు వంచి ముప్పావు వంతు పోసి పక్కన పెడతారు. నురగ కిందికి జారుతూ జారుతూ పైకి తేరుకుంటుంది. అప్పుడు మిగతాది నింపుతారు. మధ్యలో చెయ్యి చాపి గ్లాసు తీసేసుకోకు, బార్‌లో అందరూ నీవైపే చూస్తారు. రౌండ్ల పద్ధతి కూడా తెలుసుకో. ఒకరు అందరికీ కొంటే తర్వాతి వంతు ఇంకొకరిది. నువ్వు కోక్ తాగినా సరే, నీ వంతు వచ్చినప్పుడు లేచి వెళ్లాలి.

కార్క్ నుంచి మకాం మార్చినవాణ్ని, మాంచెస్టర్
అందరూ గిన్నిస్ గిన్నిస్ అంటారేంటండీ. ఐర్లండ్‌లోని కార్క్‌లో మర్ఫీస్, బీమిష్ అని రెండు స్టౌట్లున్నాయి. మర్ఫీస్ మెత్తగా, కాస్త కాఫీ రుచితో ఉంటుంది. చేదు ఇష్టమైతే బీమిష్. మొదటిసారి తాగేవాడికి మర్ఫీసే సరైనది, దొరికితే వదలొద్దు.

పాత కాపు, లివర్‌పూల్
అన్నా, అది దొరికే పబ్ ఎక్కడుందో కూడా చెప్పాలి కదా. కొత్తవాడికి ఎదురుగా కనిపించేదే చెప్పాలి. 2024–25 నుంచి ప్రీమియర్ లీగ్ అధికారిక బీరు కూడా గిన్నిసే.

లెక్కల మనిషి, లీడ్స్
పీఎస్ఆర్ సంగతి నేను చెప్తాను, నా ఉద్యోగమే ఆడిట్. పీఎస్ఆర్ అంటే ప్రాఫిట్ అండ్ సస్టెయినబిలిటీ రూల్స్, ప్రీమియర్ లీగ్ క్లబ్బుల నష్టాలకు పెట్టిన హద్దు. ఐపీఎల్ వేలంలో పర్సు అందరికీ ఒకటే కదా, ఇక్కడ అలా కాదు. ఎంత ఖర్చు పెట్టావని కాదు, ఎంత నష్టపోయావని చూస్తారు. 2025–26 సీజన్ దాకా రూలు ఇది: మూడేళ్లలో కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం రాకూడదు. అదీ ఓనర్లు జేబులోంచి డబ్బు వేస్తేనే, లేకపోతే 1.5 కోట్లే. స్టేడియం, అకాడమీ, మహిళల జట్టు ఖర్చులు ఇందులోకి రావు.

అసలు కిటుకు ఇంకోటి ఉంది. 10 కోట్లకు ఆటగాణ్ని కొని ఐదేళ్ల ఒప్పందం రాస్తే, పుస్తకాల్లో ఏడాదికి 2 కోట్లే ఖర్చు. అదే సొంత అకాడమీలో పెరిగిన కుర్రాణ్ని అమ్మితే వచ్చిందంతా ఆ ఏడాది లాభమే. అందుకే లెక్కల ఏడాది ముగిసే జూన్ 30 దగ్గరపడేసరికి క్లబ్బులు ఇంటి పిల్లల్ని అమ్ముకుంటాయి.

న్యూకాజిల్‌లో నర్సుని
అమ్ముకున్నాయి అని ఎంత తేలిగ్గా అనేశారండీ! 2024 జూన్ చివర్లో ఆటగాడు ఇలియట్ ఆండర్సన్‌ని నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్‌కి ఇచ్చేశాం. ఈ దగ్గర్లోనే పుట్టి, చిన్నప్పటి నుంచి మా క్లబ్‌లోనే పెరిగినవాడు. మా వార్డులో పేషెంట్లు కూడా బాధపడ్డారు. ఓనర్ల దగ్గర డబ్బు లేకనా? ఉన్నది పెట్టనివ్వరు. ముందే పెద్దవైన క్లబ్బులు పెద్దవిగానే ఉండాలి, అంతే ఈ రూల్ సారాంశం.

గూడిసన్ పిచ్చోణ్ని, బూటిల్
చెల్లెమ్మా, మా బాధ ముందు అదెంత. 2023 నవంబరులో ఎవర్టన్‌కి 10 పాయింట్లు కోశారు. అప్పీలుకు వెళ్తే 6 చేశారు. ఏప్రిల్‌లో మళ్లీ 2. మొదటిసారి పరిమితి దాటింది 1.95 కోట్లు. అప్పట్లో ఒక పక్క డాక్‌లో కొత్త స్టేడియం కట్టుకుంటూ ఉన్నాం, అప్పుల మీద వడ్డీ కూడా నష్టంలోనే రాశారు. మాంచెస్టర్ సిటీ మీద 2023 ఫిబ్రవరిలో వందకు పైగా అభియోగాలు పెట్టారు, అది ఏళ్ల తరబడి సాగింది, మరి మాకు ఆ తీరిక ఎందుకివ్వలేదు?

లెక్కల మనిషి, లీడ్స్
అన్నా, ఆ అప్పు స్టేడియం కోసమే తెచ్చారని కమిషన్ ముందు రుజువు కాలేదు. ఫారెస్ట్‌కీ 4 పాయింట్లు పోయాయి. బ్రెన్నన్ జాన్సన్‌ని జూన్ లోపు అమ్మకుండా, మంచి ధర కోసం ఆగి సెప్టెంబరులో అమ్మారు. డబ్బు ఎక్కువే వచ్చింది, గడువు దాటిపోయింది. రూల్ రూలే.

గూడిసన్ పిచ్చోణ్ని, బూటిల్
చెల్సీ తన హోటళ్లను తన గ్రూపు కంపెనీకే అమ్ముకుని లాభం రాసుకున్నప్పుడు ఈ రూలు ఎక్కడికి పోయింది?

లెక్కల మనిషి, లీడ్స్
అది తప్పే, కాదనను. అందుకే పద్ధతి మారుస్తున్నారు. 2025 నవంబరులో 14 క్లబ్బులు సరేనన్నాయి, 6 వద్దన్నాయి. 2026–27 నుంచి జీతాలు, బదిలీ ఖర్చు, ఏజెంట్ల ఫీజు కలిపి ఫుట్‌బాల్ ఆదాయంలో 85 శాతం దాటకూడదు. హోటళ్లు అమ్మిన డబ్బు ఇక ఇందులో కలవదు. యూరప్ పోటీల్లో ఆడితే అక్కడి ఫుట్‌బాల్ సంఘం యుఏఫా పరిమితి 70 శాతమే.

న్యూకాజిల్‌లో నర్సుని
ఆదాయంలో శాతం అంటే ఆదాయం ఎక్కువున్నవాడిదే మళ్లీ రాజ్యం. ఏం మారింది?

వేవర్‌ట్రీ అక్క
ఈ గొడవ మీకెప్పుడూ ఉండేదే. తమ్ముడూ, పబ్ సంగతి తర్వాత, ముందు ఇల్లు ఎవరిదో, డిపాజిట్ ఎక్కడుందో చూసుకో. మేము మొదట అద్దెకున్న ఇంట్లో డెర్బీ (ఎవర్టన్, లివర్‌పూల్ తలపడే మ్యాచ్) రోజు అందరం కూడి మ్యాచ్ చూసేవాళ్లం. ఖాళీ చేసేటప్పుడు ఓనరు వచ్చి సోఫా జరిపి, కార్పెట్ మీద గోధుమ రంగు మచ్చ చూపించి, ఇది మీ స్టౌటే, గది మొత్తం కార్పెట్ మార్చాలి, డిపాజిట్ ఇవ్వను అన్నాడు. అది ఇస్త్రీపెట్టె కాల్చిన గుర్తు. మొన మొనగా, అచ్చం పెట్టె ఆకారంలోనే ఉంది! మా ఆయన చేరిన రోజే ప్రతి గదీ ఫొటోలు తీసి ఓనరుకి మెయిల్ చేశారు. ఆ మచ్చ అందులో స్పష్టంగా ఉంది. అయినా వినడే. ఫోన్ ఎత్తడు, ఎత్తితే "మీవాళ్లు వంటలతో ఇల్లు పాడుచేస్తారు" అంటాడు. డిపాజిట్ కాపాడే స్కీమ్‌లో వివాదం వేశాం. అక్కడ రుజువు చూపించాల్సింది ఓనరే, మనం కాదు. మొత్తం డబ్బు వెనక్కొచ్చింది.

ఇంగ్లండ్‌లో డిపాజిట్ మామూలుగా ఐదు వారాల అద్దెకు మించకూడదు. తీసుకున్న 30 రోజుల్లో ప్రభుత్వం ఒప్పుకున్న స్కీమ్‌లో పెట్టి నీకు కాగితం ఇవ్వాలి.

పాత కాపు, లివర్‌పూల్
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇంకో రెండు మాటలు. కారులో వెళ్తే ఒక్క చుక్క కూడా వద్దు. మన లైసెన్సు మీద ఇక్కడ ఏడాదే నడపొచ్చు, ఈలోపే కేసు పడితే చాలా ఇబ్బంది. రెండోది, స్టేడియానికి వెళ్తే గ్లాసు పట్టుకుని సీట్లోకి రానివ్వరు. మైదానం కనిపించే చోట మందు తాగకూడదని 1985 నుంచి చట్టం. బయట టికెట్లు అమ్మేవాళ్ల జోలికి అసలు పోకు, అలా అమ్మడమే నేరం.

కొత్తగా వచ్చాను, లివర్‌పూల్
అందరికీ చాలా థాంక్స్. శనివారం వెళ్తున్నాను, మొదట గిన్నిస్ హాఫ్ తీసుకుంటా. వేవర్‌ట్రీ అక్కా, మీరు చెప్పాక మెయిల్ అంతా వెతికాను. స్కీమ్ కాగితం ఎక్కడా లేదు. డిపాజిట్ కట్టి నెల దాటింది. టెన్షన్‌గా ఉంది.

వేవర్‌ట్రీ అక్క
టెన్షన్ పడకు. స్కీములు మూడే: డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్. మూడింటి సైట్లలోనూ నీ ఇంటిపేరు, పోస్ట్‌కోడ్ కొట్టి చూడు. ఎక్కడా లేకపోతే, ఏ స్కీమ్‌లో పెట్టారో చెప్పమని ఓనరుకి ఇవాళే మెయిల్ పెట్టు. ఫోన్ వద్దు, రాతలో ఉండాలి. పెట్టలేదని తేలితే కోర్టు డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్ల దాకా కట్టించగలదు. మెయిల్ ఇంగ్లీషులో నేను రాసిస్తాను, పేర్లు తీసేసి ఒప్పందం నాకు పంపు.