డిసేబుల్‌కి ‘అచేతనం’ సరిపోతుందా?

మా నాన్నగారి కంప్యూటర్‌లో ఇంకా పాత విండోస్ 10 ఉంది. అందులో కోర్టానా (మన మాట విని బదులు చెప్పే మైక్రోసాఫ్ట్ సహాయకి) నోరు మూయించే పద్ధతి ఆయన కోసం తెలుగులో రాసిపెడుతూ ‘డిసేబుల్’ దగ్గర ఆగిపోయాను. సాఫ్ట్‌వేర్ అనువాదాల్లో ‘అచేతనం’ అని కనబడుతుంది. అదే రాస్తే, “ఎవరికి ఏమైందిరా?” అన్నారు. ఇంకో మాట చెప్పండి.

— ఆయన అడిగినదాంట్లో తప్పేముందండీ! అచేతనం అంటే ఒంటి మీద తెలివి లేకపోవడం. మా గుంటూరు వైపు లైటైనా ఫ్యానైనా ‘కట్టెయ్యి’ అంటాం. అది రాయండి.

— మా వరంగల్‌లో ‘బంద్ చెయ్యి’ అంటామన్నా. ‘కట్టెయ్యి’ అంటే బర్రెనా, దూడనా అని అడుగుతారు :)

— మాట వెతికేముందు చేసే పనేమిటో చూడాలండీ. టాస్క్‌బార్‌లో బొమ్మ కనబడకుండా చేస్తే అది ‘దాచడం’. మనిషి గదిలోకి వెళ్ళాడంతే, ఇంట్లోనే ఉన్నాడు. మైకు అందకుండా చేస్తే ‘వినకుండా చేయడం’. అసలు చిక్కు ఆ తర్వాత. 2016 యానివర్సరీ అప్‌డేట్‌తో మామూలు ఆన్-ఆఫ్ మీట తీసేశారు. అప్పటినుంచి ప్రో ఎడిషన్ వాళ్ళు గ్రూప్ పాలసీ ఎడిటర్‌లోకి (విండోస్‌లో ఏది చేయొచ్చో, ఏది కూడదో నిర్ణయించే చోటు) వెళ్ళి ‘అలౌ కోర్టానా’ అన్నదాన్ని డిసేబుల్ చేయాల్సి వచ్చింది. హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటరే ఉండదు కనుక రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చిట్టా) అదే పేరుతో ఒక విలువ చేర్చి 0 పెట్టాలి. గమనించారా, ఇక్కడ డిసేబుల్ అయ్యేది కోర్టానా కాదు, దానికిచ్చిన అనుమతి! అనుమతికి మనకి ఎప్పటినుంచో ‘రద్దు’ ఉంది. లైసెన్సు రద్దు, సెలవు రద్దు అనడం లేదూ? 2020 మే అప్‌డేట్‌తో కోర్టానా విడి యాప్ అయింది, కాబట్టి ఆ తర్వాతి వెర్షన్లలో ‘తీసెయ్యడం’ కూడా కుదిరింది.

— ‘మూగనోము పట్టించడం’ అంటే ఎలా ఉంటుంది? సూచనల్లో రాయలేం గానీ, అనుకోడానికి బాగుంది.

— విండోస్‌లో ఆ యాప్‌కి 2023లో మైక్రోసాఫ్టే మద్దతు ఆపేసింది కదా. ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి.

— కొండెక్కినా నాన్నగారి టాస్క్‌బార్‌లో బొమ్మ అలాగే ఉందండీ! ‘రద్దు’ తీసుకున్నాను. “ముందు బొమ్మ దాచండి. తర్వాత కోర్టానాకి ఉన్న అనుమతి రద్దు చేయండి” అని రాసిచ్చాను. ఈసారి అర్థమైంది. “అసలు దానికి అనుమతి ఎవరిచ్చారు?” అని అడుగుతున్నారు.