తిరుపతి పిన్ కోడ్ 517501 ప్రధాన సంఖ్యేనా? చేత్తో తేల్చడం ఎలా?

తిరుపతి, లెక్కల టీచర్:
డిసెంబర్ 22, రామానుజన్ పుట్టినరోజుకి మా ఎనిమిదో తరగతి పిల్లలు మన పిన్ కోడ్ 517501 మీద చార్టు పెడతామంటున్నారు. అది ప్రధాన సంఖ్య అని ఫోన్ చెబుతోంది. "ఫోన్ చెప్పిందని రాసేద్దామా సార్?" అని ఒక పాప అడిగింది. సరైన ప్రశ్నే. చేత్తో తేల్చే దారి చెప్పండి. చిత్తూరు 517001 సంగతి కూడా.

చిత్తూరు నుంచి:
సార్, ముందు హద్దు చూసుకోండి. 719² = 516961, 720² = 518400. అంటే 719 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి 128.

కొన్నిటికి భాగహారమే అక్కర్లేదు. 517500 = 2² × 3² × 5⁴ × 23. మనది దానికంటే ఒకటి ఎక్కువ. కాబట్టి 2, 3, 5, 23 దేనితో భాగించినా 1 మిగులుతుంది. తర్వాత 7 × 11 × 13 = 1001. అందుకని సంఖ్యను మధ్యకు విరిచి తీసివేయండి: 517 − 501 = 16. ఆ మూడింటిలో దేనితోనూ 16 భాగం పోదు, మన సంఖ్యా పోదు. 37కి మాత్రం కూడాలి, ఎందుకంటే 999 = 27 × 37. 517 + 501 = 1018, శేషం 19.

మా చిత్తూరు ఇక్కడే దొరికిపోతుంది! 517 + 001 = 518 = 37 × 14. పూర్తిగా విడదీస్తే 37 × 89 × 157.

తిరుపతి, లెక్కల టీచర్:
విరిచి కూడటం పిల్లలకు బాగా నచ్చుతుంది. కానీ ఇంకా 120 భాగహారాలు మిగిలాయి కదా, పారిపోతారు.

తిరుపతి, ఎమ్మెస్సీ విద్యార్థి:
ఆయిలర్ వాడిన దారి ఒకటుంది సార్. 4తో భాగిస్తే 1 మిగిలే సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలిగి (0² కూడా లెక్కే), ఆ రెండిటికీ ఉమ్మడి కారణాంకం లేకపోతే అది ప్రధాన సంఖ్యే. మనది 4తో భాగిస్తే 1 మిగులుతుంది.

వెతకడం కూడా తేలికే. వర్గాలను 5తో భాగిస్తే 0, 1, 4 మాత్రమే మిగులుతాయి. మనకు మొత్తం మీద 1 మిగలాలి కాబట్టి రెండిట్లో ఒకటి 5 గుణిజం కాక తప్పదు. దాని వర్గం 25తో పోతుంది గనక రెండోదాని వర్గానికి 25తో శేషం 1 రావాలి. అంటే ఆ రెండోది 25 గుణిజానికి ఒకటి అటో ఇటో ఉంటుంది: 1, 24, 26, 49, 51... అలా 701 దాకా 57 సంఖ్యలు. ఒక్కోదాని వర్గాన్ని 517501 లోంచి తీసేసి, మిగిలింది వర్గమా కాదా చూడటమే పని. 699 దగ్గర తగులుతుంది: 517501 − 488601 = 28900 = 170². మిగతా 56లో ఒక్కటీ కుదరదు. 699కీ 170కీ ఉమ్మడి కారణాంకం లేదు. తేలిపోయింది.

తిరుపతి, లెక్కల టీచర్:
అద్భుతం. తిరుమల 517504 కూడా అడుగుతారు చూడండి.

చిత్తూరు నుంచి:
అది 2⁷ × 13 × 311, మొత్తం 32 భాజకాలు. ఆ 57 సంఖ్యల్ని మీరే చేసి చూపించకండి సార్, బెంచీకి ఐదేసి పంచేయండి. ఒక పీరియడ్‌లో అయిపోతుంది. 699 మాత్రం ఆ ప్రశ్న అడిగిన పాప బెంచీకే ఇవ్వండి.