ఖిలా వరంగల్‌ను పిల్లలతో నడిచి చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

హన్మకొండ_అల్లుడు:

అందరికీ నమస్తే. మాది జగిత్యాల, అత్తగారిల్లు హన్మకొండ. సంక్రాంతి సెలవుల్లో మా బావమరుదుల పిల్లలు, మా పిల్లలు, పెద్దవాళ్లం కలిపి పన్నెండు మందిమి ఖిలా వరంగల్ చూడాలని అనుకున్నాం. ఏర్పాట్లన్నీ నా మీద పెట్టారు. అల్లుడి మర్యాదలు అయిపోయాయని అప్పుడే అర్థమైంది.

మామూలుగా అయితే కారులో కోట మధ్యలోని కాకతీయుల రాతి తోరణాల ముందు దిగి, ఫోటోలు తీసుకుని, పల్లీలు కొనుక్కుని గంటలో తిరిగొస్తారు. నాకు అలా ఇష్టం లేదు. పిల్లలకు ఎనిమిది నుంచి పదిహేనేళ్ల మధ్య వయసు. ఎవరైనా నిలబడి "క్రీస్తుశకం ఫలానా" అని మొదలుపెడితే చాలు, ఫోన్లు బయటికి వస్తాయి. కొన్ని ఊళ్లలో హెరిటేజ్ వాక్‌లు ఆటలాగా నడుపుతున్నారట. చీటీలో ఒక ప్రశ్న ఇస్తారు, జవాబు గోడ మీదో గడప మీదో వెతుక్కోవాలి, దొరికితేనే తర్వాతి మలుపు చెప్తారు. మన కోటలో అలాంటిది సొంతంగా చేసుకోగలమా? ఎటునుంచి మొదలుపెట్టాలి? చీటీల్లో ఏం రాయాలి? మా మామయ్యకు మోకాళ్ల నొప్పులు, అది కూడా చూసుకుని చెప్పండి.

పడమరకోట_సార్:

తమ్మీ, నేను సోషల్ టీచర్‌గా రిటైర్ అయ్యాను. ఇల్లు పడమర కోటలోనే. బడి పిల్లలను ఈ తొవ్వ వెంట తిప్పడం నాకు పాత అలవాటు, కాబట్టి జర పొడుగ్గానే చెప్తాను.

మొదటి మాట: తోరణాలు ముందు చూపించకు. అందరూ చేసేది అదే. తోరణాలు చూశాక పోరగాళ్లకు ఇంకేదీ కంటికి ఆనదు, గోడ కనిపించినా "రాళ్లే కదా" అంటారు. ఈ కోటను బయటి నుంచి లోపలికి నడవాలి. ఢిల్లీ సైన్యం కూడా అట్లనే వచ్చింది. 1310లో మాలిక్ కాఫర్ సైన్యం మట్టి కోట దాటింది గానీ రాతి కోట బయటే ఆగింది. ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి పంపించాడు. 1323లో తుగ్లక్ వంశపు ఉలుగ్ ఖాన్ వచ్చినప్పుడు కోట పడిపోయింది. పిల్లలకు ముందే రెండు ముక్కల్లో ఇది చెప్పు: "మీరు శత్రువులు. మధ్యలో ఉన్న గుడి దాకా చేరాలి." అంతే. ఇక తారీఖులు అడిగితే తప్ప చెప్పకు.

కార్లు రైల్వే స్టేషన్ దగ్గరే వదిలేసి, అండర్ బ్రిడ్జి దాటి శివనగర్ మెట్ల బావి నుంచి మొదలుపెట్టు. కాకతీయుల నాటి మూడంతస్తుల బావి, ఇండ్ల నడుమ ఉంటుంది. చాలా ఏండ్లు చెత్తతో నిండిపోయి ఉండె, తర్వాత బాగుచేశారు. పిల్లలను లోపలికి దిగనివ్వకు, పైనుంచే చూడాలి. చీటీ: "వానకాలంలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడను చూసి చెప్పండి." రాయి మీద రంగు మారిన గీత ఉంటుంది, ముందు చిన్నవాళ్లే పట్టుకుంటారు.

అక్కడి నుంచి ఫోర్ట్ రోడ్డు పట్టుకుని నడవండి. తొవ్వలో ఒకచోట రెండు పక్కలా చెట్లు, పొదలు మొలిచిన పెద్ద మట్టికట్ట వస్తుంది. రోడ్డు దాన్ని కోసుకుంటూ పోతుంది. నువ్వు ఏమీ అనకు. దాటి ఇంకొంచెం ముందుకు పోయాక చీటీ తీయి: "మీరు ఇప్పుడే ఒక కోటగోడ దాటారు. అది ఎక్కడుంది?" వెనక్కి ఉరుకుతారు. అదే మట్టి కోట. కార్లలో వచ్చేవాళ్లు దాని మీదుగానే పోతారు, అది కోట అని ఎవరికీ తెలియదు. గణపతిదేవుడు రాతి కోట మొదలుపెట్టాడని, రుద్రమదేవి దాని ఎత్తు పెంచి బయట ఈ మట్టి కోట, అగడ్త కట్టించిందని చరిత్రకారుల మాట. నా లెక్కలో ఈ ఊరిలో అన్నింటికంటే గొప్ప కట్టడం ఇదే. దీనికి టికెట్ లేదు, సరైన బోర్డు కూడా లేదు, అందుకే విలువ లేకుండా పోయింది. ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ఈ గోడ గురించి ప్రత్యేకంగా రాశాడు. ఉక్కు ఈటెతో పొడిచినా దిగదని, యంత్రంతో విసిరిన రాతిగుండు తగిలి వెనక్కి ఎగురుతుందని. రాతిగోడకు గుండు తగిలితే పగులుతుంది, మట్టి ఆ దెబ్బను మింగేస్తుంది. నమ్మకపోతే ఒక గులకరాయిని రోడ్డు మీద, ఒకటి పొలంగట్టు మీద వేసి చూడమను. కోట మీద మాత్రం వేయనివ్వకు.

తర్వాత అగడ్త, దాని వెనుక రాతి కోట. 45 బురుజులు. ఇక్కడ రెండు ఆటలు. మొదటిది, పెద్ద రాళ్ల సందులో పది రూపాయల నోటు ఎక్కడ దూరుతుందో, ఎక్కడ దూరదో వెతకాలి. సున్నం, గచ్చు లేకుండా రాయి మీద రాయి కూర్చోబెట్టారు. రెండోది పడమర దర్వాజ దగ్గర. ఒక పిల్లవాడిని ఏనుగు చెయ్యి. "ఉరికి వచ్చి తలుపు గుద్దు" అని చెప్పు. వాడు ఉరికి వస్తాడు, దారి మలుపు తిరుగుతుంది, వేగం పోతుంది. తలుపు ముందు ఏనుగుకు ఉరికే చోటే ఉండదు. దర్వాజను వంకర దారి పెట్టి ఎందుకు కట్టారో నువ్వు ఒక్క ముక్క కూడా చెప్పాల్సిన పనిలేదు. బండ్లు తిరుగుతుంటాయి, ఒక మనిషిని అవతల నిలబెట్టు.

లోపలికి వచ్చాక ఊరు. పడమర కోట, మధ్య కోట, తూర్పు కోట అంటాం. ఇండ్లు, బడి, కిరాణం, నడుమ పొలాలు. కొన్ని ప్రహరీ గోడల్లో చెక్కిన రాళ్లు కనిపిస్తాయి. ఇంటివాళ్లను అడిగి చూడండి.

ఖుష్ మహల్ అనే పాత రాతి కట్టడం దగ్గర చీటీ: "ఈ గోడ పైన వెడల్పా, కింద వెడల్పా?" గోడలు పైకి పోయినకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. అది తుగ్లక్‌ల పద్ధతి. షితాబ్ ఖాన్ కట్టించాడని ఊళ్లో చాలామంది చెప్తారు. ఆయన ఓరుగల్లును పట్టుకున్నట్టు 1504 నాటి శాసనం ఉన్న మాట నిజమే, కానీ కట్టుబడి చూస్తే ఆయనకంటే ముందటిదని, 1323 తర్వాత ఢిల్లీవాళ్లు కట్టుకున్న కొలువుకూటమని ఫిలిప్ వాగొనర్ లాంటి చరిత్రకారులు అంటారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది. ఊరి పేరునే సుల్తాన్‌పూర్ అని మార్చినవాళ్లు దర్బారు కట్టుకోకుండా ఉంటారా?

ఇక తోరణాలు. నాలుగు దిక్కులా నాలుగు. పిల్లలను నాలుగు జట్లు చేసి ఒక్కో తోరణం కింద కూర్చోబెట్టి బొమ్మ గీయించు. గీస్తేనే చూస్తారు. హంసలు, మకరాలు, వేలాడే తామరమొగ్గలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఆ తర్వాత అడుగు: "దీని మీద ఏ దేవుడున్నాడు?" వెతికి వెతికి అలిసిపోతారు. దేవుడి బొమ్మ లేకపోవడం వల్లే ఇవి మిగిలాయని కొందరంటారు. అది వాదన మాత్రమే, తీర్పులాగా చెప్పకు. 2014లో తెలంగాణ రాజముద్రలో చేరింది ఈ తోరణమే కాబట్టి ఫోన్లో ముద్ర తీసి పోల్చమను. ఫోన్ చేతికిచ్చేది అప్పుడు ఒక్కసారే.

నడుమ పడి ఉన్నదంతా స్వయంభూ శివుని గుడి. స్తంభం ముక్క, దూలం, పైకప్పు పలక, నంది. చివరి చీటీ: "ఈ ముక్కల్లో గుడి కింది భాగం ఏది, పై భాగం ఏది?" దీనికి సరైన జవాబు నా దగ్గర కూడా పూర్తిగా లేదు. కొట్లాడుకోనివ్వు.

కొత్తవాడ_జంపఖానా:

సార్ చెప్పింది బాగుంది గానీ నాదొక అభ్యంతరం. పాత వరంగల్ అనగానే అందరూ కోటకే పరుగెత్తుతారు. మరి మట్టెవాడ, గిర్మాజీపేట, మండి బజార్, పిన్నవారి వీధి ఎవరు చూడాలి? రాజులు పోయి ఏడొందల ఏండ్లయింది. ఆ బజార్లలో ఇప్పటికీ పొద్దున షట్టర్లు లేస్తున్నాయి.

మా బాపు ఆజంజాహీ మిల్లులో పనిచేశాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన బట్టల మిల్లు. మా వాడకట్టులో మిల్లు సైరన్ వింటేనే పొయ్యి మీద అన్నం పెట్టేవాళ్లు. అది మూతపడ్డాక ఎంతమంది ఆగమయ్యారో రాయడానికి ఇది చోటు కాదు. ఆ కథ లేకుండా వరంగల్ చూశామంటే నేను ఒప్పుకోను.

అల్లుడుగారూ, వీలైతే రెండో రోజు పొద్దున కొత్తవాడ రండి. వరంగల్ జంపఖానాలకు, అంటే నూలు తివాచీలకు, 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. నేసేవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు, అయినా మగ్గం చప్పుడు విని ఇల్లు పట్టుకోవచ్చు. చీటీ కూడా అదే పెట్టండి: "చప్పుడు వినబడే ఇల్లు వెతకండి." నేతపని వాళ్లను మర్యాదగా అడిగితే పిల్లలను మగ్గం దగ్గర కూర్చోనిస్తారు. పని చెడగొడుతున్నాం కాబట్టి ఒక చిన్న జంపఖానా అయినా కొనండి. బేరం ఆడకండి.

మధ్యకోట_కోడలు:

నేను ఇక్కడికి కోడలిగా వచ్చినదాన్ని. మా ఇల్లు తోరణాలకు దగ్గరే. టూరిస్టులు మొదట అడిగేది బాత్రూం ఎక్కడ అని, రెండోది సొరంగం ఎక్కడ అని. కోట నుంచి వేయిస్తంభాల గుడి దాకా సొరంగం ఉందని మా అత్తమ్మ కూడా చెప్తుంది. చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. పిల్లలకు చెప్పండి, కానీ కథ అని చెప్పండి.

సార్ చీటీల్లో మాకు చోటే లేదు! "ఇంటివాళ్లను అడగండి" అని ఒక్క మాటతో పోనిచ్చారు. వాకిట్లో ముగ్గు వేస్తుంటే అడగకుండా ఫోటోలు తీస్తారు, మేమేదో శిల్పాలమైనట్టు. పిల్లలకు ఒక చీటీ ఇట్ల రాయండి అన్నా: "ఈ కోటలో పుట్టిన ఒక ముసలవ్వనో తాతనో పలకరించి, చిన్నప్పుడు ఎక్కడ ఆడుకునేవాళ్లో అడగండి." బావుల సంగతి బయటికి వస్తుంది. అక్కాచెల్లెళ్ల బావి, శృంగార బావి బోర్డుల మీద పేర్లు మాత్రమే, పెద్దవాళ్లకు ఈత నేర్చుకున్న చోట్లు.

ఇంకొకటి, కాకతీయులతోనే ఆపేయకండి. 1946 ఆగస్టు 11న ఈ కోటలో జెండా ఎగరేసినందుకు రజాకార్లు దాడి చేస్తే బత్తిని మొగిలయ్య ప్రాణం పోయింది. ఆయన పేరు మీద వరంగల్ బజారులో మొగిలయ్య హాల్ ఉంది. కోటకు వచ్చేవాళ్లు ఎవరూ ఆయన గురించి అడగరు. మీ పెద్ద పిల్లలకు ఆ చీటీ ఇవ్వండి.

మీ మామయ్యను శివనగర్ నుంచి నడిపించకండి. ఆటోలో పడమర దర్వాజ దాకా తెచ్చి అక్కడ కలుపుకోండి. కోట లోపలి ఏకశిల గుట్టకు మెట్లు చాలా ఉన్నాయి, కింద చెరువు పక్కన పార్కులో కూర్చోబెట్టండి. పిల్లలను మాత్రం తప్పకుండా ఎక్కించండి. నడిచి వచ్చిన తొవ్వ, గోడ గుండ్రంగా తిరిగిన తీరు పైనుంచి కనబడుతుంది.

పడమరకోట_సార్:

అమ్మా, నువ్వన్నది నిజం. అవ్వను పలకరించే చీటీని నా జాబితాలో కలుపుకుంటున్నాను. తమ్మీ, అది ఖుష్ మహల్ కంటే ముందే పెట్టు. తోరణాలు చూశాక పిల్లలకు మనుషులతో మాట్లాడే ఓపిక ఉండదు.

కొత్తవాడ తమ్ముడికి: గొడవేం లేదు, కానీ రెండూ ఒకే రోజు వద్దు. కోటలో ఆకాశం ఉంటుంది, పిల్లలను ఉరకనివ్వొచ్చు. మండి బజార్‌లో చెయ్యి పట్టుకుని నడిపించాలి, బండ్లు, ఆటోలు, హమాలీలు. ఆట తీరే వేరు. అక్కడికి చిన్నవాళ్లను వదిలేసి పెద్ద పిల్లలను మాత్రమే తీసుకుపోవాలి. మట్టెవాడలో భోగేశ్వరస్వామి గుడి, శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం కలుపుకో. నిజాం కాలంలో తెలుగు పుస్తకం చదువుకోవడానికి జనం చందాలు వేసుకుని ఇట్లాంటి గ్రంథాలయాలు నిలబెట్టుకున్నారు.

హన్మకొండ_అల్లుడు:

సార్, అక్కా, అన్నా, అందరికీ థాంక్స్. మొదటి రోజు కోట: మెట్ల బావి, మట్టి కోట, పడమర దర్వాజ, ఊరు, ఖుష్ మహల్, తోరణాలు, చివర గుట్ట. రెండో రోజు పెద్ద పిల్లలతో మట్టెవాడ, కొత్తవాడ. మా మామయ్యకు చదివి వినిపించాను. "మట్టి కోట దగ్గర నేనూ ఉంటా, ఆటో అక్కడికే తెప్పించు" అన్నారు. జంపఖానా కొనడానికి మా ఆవిడ ఇప్పుడే రెడీ.

ఒక్క సందేహం. గెలిచిన జట్టుకు బహుమతి ఏం పెట్టాలి? పొద్దున ఎన్నింటికి బయలుదేరితే మంచిది?

మధ్యకోట_కోడలు:

బహుమతి పెట్టకండి అన్నా, జట్ల మధ్య కొట్లాటలు అవుతాయి. అందరికీ సకినాలు పంచండి, పండగే కదా. ఏడింటికల్లా శివనగర్‌లో ఉండండి. తోరణాల దగ్గర నీడ తక్కువ, పదకొండు దాటితే చలికాలంలో కూడా నెత్తి మాడుతుంది. సౌండ్ అండ్ లైట్ షో చూడాలంటే సాయంత్రం మళ్లీ రావాలి, ఆ రోజు ఉందో లేదో ముందే కనుక్కోండి. మంచినీళ్లు మీరే తెచ్చుకోండి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు, కౌంటర్ దగ్గర పెద్దవాళ్ల లెక్క చెప్పి తీసుకోండి.